గోడలు కట్టిందీ వాళ్ళే... లోపల మగ్గిందీ వాళ్ళే!

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం నల్లజాతి మానసిక రోగులను విడిగా ఉంచడానికి 1911లో ఒక ఆసుపత్రి తెరిచింది. దాన్ని కట్టే పనిలోకి రోగులనే దింపింది. 93 ఏళ్ళు నడిచిన ఆ ఆసుపత్రిలో వైద్యం పాలెంత, వర్ణవివక్ష పాలెంత?

క్రౌన్స్‌విల్ స్టేట్ హాస్పిటల్ మేరీల్యాండ్ రాజధాని అన్నపోలిస్‌కు కొద్ది మైళ్ళ దూరంలో, ఆన్ అరండెల్ కౌంటీలో ఉండేది. 1910లో చట్టం చేశారు, 1911లో రోగులను తెచ్చారు, 2004లో తలుపులు మూసేశారు. మొదట్లో దాని పేరు 'హాస్పిటల్ ఫర్ ది నీగ్రో ఇన్‌సేన్ ఆఫ్ మేరీల్యాండ్'. అర్ధ శతాబ్దం పాటు అందులో నల్లజాతి రోగులను మాత్రమే చేర్చుకున్నారు. సిబ్బందిలోకి మాత్రం 1948 దాకా ఒక్క నల్లజాతి ఉద్యోగినీ తీసుకోలేదు. రోగులంతా ఒక రంగు, వాళ్ళ మంచిచెడ్డలు తేల్చే వాళ్ళంతా మరో రంగు. ఇలాంటి ఆసుపత్రులు అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చాలానే ఉండేవి. అవి ఎందుకు పుట్టాయో, ఎలా నడిచాయో, ఎలా ముగిశాయో తెలుసుకోవడానికి క్రౌన్స్‌విల్ ఒక్కటి చాలు.

తప్పుడు లెక్కలతో మొదలు

నల్లవారి మతిస్థిమితం మీద అమెరికాలో వాదోపవాదాలు బానిసత్వం రోజుల్లోనే మొదలయ్యాయి. 1840 జనాభా లెక్కల్లో తొలిసారిగా మానసిక రోగులను కూడా లెక్కించారు. దక్షిణాదిలో బానిసలుగా ఉన్నవారితో పోలిస్తే, ఉత్తరాదిలో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవారిలో మతి చెడినవారు ఎన్నో రెట్లు ఎక్కువని ఆ లెక్కలు చెప్పాయి. బానిసత్వాన్ని సమర్థించేవారికి అంతకన్నా ఏం కావాలి? 1844లో విదేశాంగ మంత్రిగా ఉన్న జాన్ కాల్‌హౌన్ ఈ అంకెలనే చూపించి, నల్లవారికి స్వేచ్ఛ పనికిరాదని వాదించారు.

మసాచుసెట్స్‌కు చెందిన వైద్యుడు ఎడ్వర్డ్ జార్విస్ ఆ పట్టికలను ఊరూరా పోల్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. నల్లవారు ఒక్కరూ లేని ఊళ్ళలో కూడా నల్లజాతి మానసిక రోగులున్నట్టు రాసేశారు. వూస్టర్ పట్టణంలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఉన్న 133 మంది తెల్ల రోగులు నల్లవారి ఖాతాలో పడ్డారు. నల్లజాతి వైద్యుడు జేమ్స్ మెక్‌కూన్ స్మిత్ కూడా ఈ లెక్కలను ఆధారాలతో ఖండించారు. అయినా ప్రభుత్వం వాటిని దిద్దలేదు.

1851లో లూసియానా వైద్యుడు శామ్యూల్ కార్ట్‌రైట్ ఇంకో అడుగు ముందుకేశారు. యజమాని దగ్గర్నుంచి పారిపోవాలనుకోవడమే ఒక మానసిక జబ్బని తేల్చి, దానికి 'డ్రాపిటోమేనియా' అని పేరు పెట్టారు. ఆయన సూచించిన చికిత్సల్లో కొరడా దెబ్బలు కూడా ఉన్నాయి. స్వేచ్ఛ కోరుకోవడం ఒకరికి జబ్బుగా కనిపిస్తే, స్వేచ్ఛ దొరకడమే జబ్బుకు కారణమని మరొకరికి అనిపించింది. ఈ రెండు వాదనలూ బానిసత్వం పోయాక కూడా వైద్యుల బుర్రల్లోంచి పోలేదు.

1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయింది. అంతదాకా జబ్బుపడిన బానిస సంగతి యజమాని చూసుకోవాలి. ఇక మీదట ఆ బాధ్యత రాష్ట్రాల మీద పడింది. తెల్ల రోగుల పక్కన నల్ల రోగులను పడుకోబెట్టడం చాలా రాష్ట్రాలకు ఇష్టం లేదు. 1870లో వర్జీనియా రాష్ట్రం రిచ్మండ్ దగ్గర నల్లజాతి రోగుల కోసం విడిగా ఆసుపత్రి ఏర్పాటు చేసింది. అమెరికాలో ఈ తరహా ఆసుపత్రి అదే మొదటిది. తర్వాత దాన్ని పీటర్స్‌బర్గ్‌కు మార్చారు. 1880లో నార్త్ కరోలినాలోని గోల్డ్స్‌బరోలో మరొకటి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలబామాలోని మౌంట్ వెర్నన్‌లో ఇంకొకటి తెరిచారు. 'విడివిడిగా ఉన్నా సమానంగా ఉంటే చాలు' అని 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, విడదీయడానికి చట్టబద్ధత వచ్చింది. సమానత్వం సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఒకే నెలలో రెండు నిర్ణయాలు

మేరీల్యాండ్ ఉత్తరాదికీ దక్షిణాదికీ సరిహద్దులో ఉంటుంది. అంతర్యుద్ధంలో అది ఉత్తరాది పక్షానే ఉన్నా, 1864 దాకా అక్కడ బానిసత్వం సాగింది. బానిసత్వంపై పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్, హ్యారియట్ టబ్‌మన్ పుట్టిందీ, బానిసత్వం నుంచి తప్పించుకు పారిపోయిందీ ఈ రాష్ట్రం నుంచే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాష్ట్రంలో మానసిక రోగులకు స్ప్రింగ్ గ్రోవ్, స్ప్రింగ్‌ఫీల్డ్ అనే రెండు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులుండేవి. నల్ల రోగులకు స్ప్రింగ్ గ్రోవ్‌లో విడిగా కొద్దిపాటి చోటు ఇచ్చేవారు. మిగిలినవారు కౌంటీల అనాథాశ్రమాల్లోనో జైళ్ళలోనో పడి ఉండేవారు. మానసిక రోగుల బాగోగులు చూసే రాష్ట్ర లూనసీ కమిషన్ కార్యదర్శి డాక్టర్ ఆర్థర్ హెరింగ్ ఆ చోట్లన్నీ తిరిగి, ఫొటోలతో సహా నివేదికలు ఇచ్చారు. ఫ్రెడరిక్ కౌంటీలోని మాంటెవ్యూ ఆశ్రమంలో నల్ల రోగులు నేల మీదే పడుకునేవారు. కొందరిని గొలుసులతో కట్టేసేవారు. ఆ నివేదికలు జనంలో కలకలం రేపాయి.

కదిలిన శాసనసభ 1910 ఏప్రిల్‌లో నల్లజాతి రోగులకు విడిగా ఆసుపత్రి కట్టాలని చట్టం చేసింది. గొలుసుల నుంచి విడిపించాలన్న మంచి ఉద్దేశం ఈ నిర్ణయంలో ఉంది. తెల్ల ఆసుపత్రుల నుంచి నల్లవారిని ఖాళీ చేయించాలన్న కోరిక కూడా ఉంది. ఆసుపత్రిని బాల్టిమోర్ నగరంలో పెట్టకూడదని చట్టంలోనే షరతు పెట్టారు. నల్లజాతి జనాభా ఎక్కువగా ఉన్నది ఆ నగరంలోనే. చాలామంది రోగుల కుటుంబాలు ఉన్నదీ అక్కడే.

1910 డిసెంబరులో క్రౌన్స్‌విల్ దగ్గర 566 ఎకరాల భూమిని 19,000 డాలర్లకు కొన్నారు. అంతకుముందు అందులో పొగాకు, విల్లో సాగయ్యేవి. సరిగ్గా అదే నెలలో బాల్టిమోర్ నగరపాలక సంస్థ మరో నిర్ణయం తీసుకుంది. ఏ వీధిలో తెల్లవారు ఉండాలో, ఏ వీధిలో నల్లవారు ఉండాలో నిర్దేశిస్తూ దేశంలోనే మొదటిసారిగా ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటి విషయంలోనూ ఆసుపత్రి విషయంలోనూ పాలకుల ఆలోచన ఒక్కటే.

పన్నెండు మందితో ప్రారంభం

1911 మార్చి 13న స్ప్రింగ్ గ్రోవ్ ఆసుపత్రి నుంచి పన్నెండు మంది నల్లజాతి మగవాళ్ళను క్రౌన్స్‌విల్‌కు తీసుకొచ్చారు. వాళ్ళ వెంట తొలి సూపరింటెండెంట్ డాక్టర్ రాబర్ట్ వింటరోడ్ ఉన్నారు. అప్పటికి అక్కడ ఆసుపత్రి లేదు. చెరువు గట్టున ఒక పాత షెడ్డు ఉంది. బుట్టలల్లే విల్లో కొమ్మలను ఆరబెట్టడానికి వాడిన షెడ్డు అది. ఆ పన్నెండు మందినీ అందులో ఉంచారు. తెల్లారితే పని. చెట్లు నరకడం, మొద్దులు పెకలించడం, నేల చదును చేయడం, బాటలు వేయడం... అన్నీ వాళ్ళే చేశారు. వెనకాలే ఇతర ఆసుపత్రుల నుంచి, అనాథాశ్రమాల నుంచి మరికొందరు వచ్చారు. పునాదులు తవ్విందీ, కాంక్రీటు కలిపి పోసిందీ, రైలు పట్టాలకు కట్ట వేసిందీ రోగులే. 1912లో ప్రధాన భవనం పని మొదలైంది. అదే ఏడాది ఆసుపత్రి పేరును క్రౌన్స్‌విల్ స్టేట్ హాస్పిటల్‌గా మార్చారు.

భవనాలు లేచాక కూడా పని ఆగలేదు. పొలంలో పంటలు పండించడం, పశువులను మేపడం, బట్టలు ఉతకడం, కుట్టడం, విల్లో బుట్టలు అల్లడం రోగుల దినచర్య అయింది. పనిచేస్తే మనసు కుదుటపడుతుందన్న నమ్మకం ఆ కాలంలో తెల్లవారి ఆసుపత్రుల్లో కూడా ఉండేది. అక్కడా రోగులు పొలాల్లో పనిచేసేవారు. అయితే తాము ఉండబోయే ఆసుపత్రి కోసం అడవి నరకమని ఆ రోగులను ఎవరూ అడగలేదు. క్రౌన్స్‌విల్‌లో రోగి చేసే పని నుంచి ఆసుపత్రికి ఎంత మిగిలిందో కూడా లెక్క ఉండేది. అప్పటికి అర్ధ శతాబ్దం కిందట ఇదే గడ్డ మీద పొగాకు తోటల్లో జీతం లేకుండా పనిచేసిన వాళ్ళ పిల్లలకూ మనవలకూ, ఈసారి చికిత్స పేరుతో మళ్ళీ అదే పని దక్కింది.

అందరినీ ఒకే చోట కుక్కేశారు

క్రౌన్స్‌విల్‌కు ఎవరు వచ్చేవారు? నిజంగా తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు వచ్చేవారు. మూర్ఛ రోగులూ, క్షయ రోగులూ, సిఫిలిస్ ముదిరి మతి చెడినవారూ, మతిమరుపు వచ్చిన ముసలివాళ్ళూ వచ్చేవారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం రాష్ట్రంలో రోజ్‌వుడ్ అనే సంస్థ ఉండేది. అందులో నల్లపిల్లలకు చోటు లేదు కాబట్టి వాళ్ళనూ ఇక్కడికే పంపేవారు. తెల్లవారికైతే జబ్బును బట్టి వేర్వేరు సంస్థలు. నల్లవారికి అన్ని జబ్బులకూ ఇదొక్కటే.

ఇన్ని రకాల రోగులకు తగ్గట్టు డాక్టర్లూ లేరు, డబ్బూ లేదు. 1948లో ఇక్కడ సగటున 225 మంది రోగులకు ఒక్క డాక్టరు ఉండేవారు. కోలుకుని ఇంటికి వెళ్ళిన వారి కన్నా చనిపోయిన వారే ఎక్కువ. గాలి ఆడని వార్డులు, మరుగుదొడ్ల బదులు నేలలోనే మురుగు కంతలు, కిటికీల్లేని భూగర్భ గదులు, ఇనుప ఊచలు బిగించిన వరండాలు... ఎక్కడ జాగా ఉంటే అక్కడ మనుషులను కుక్కారు. ఒంటి మనిషికి సరిపోయే పరుపు మీద ఇద్దరేసి, ఒకరి తల దగ్గర మరొకరి కాళ్ళు వచ్చేలా పడుకునేవారు. తన పరుపు దగ్గరికి వెళ్ళాలంటే నిద్రపోతున్న వాళ్ళ మీదుగా పాక్కుంటూ పోవాలి. పిల్లలూ పెద్దలూ కలిసే ఉండేవారు.

ఆనాటి మానసిక వైద్యంలో వాడిన పద్ధతులన్నీ ఇక్కడా వాడారు. సిఫిలిస్ రోగులకు కావాలని మలేరియా ఎక్కించడం, ఇన్సులిన్‌తో స్పృహ తప్పించడం, కరెంటు షాకులు, మెదడుకు కోత పెట్టే లోబోటమీ... వీటిని తెల్ల రోగుల మీద కూడా ప్రయోగించారు. తేడా అల్లా ఒక్కటే. క్రౌన్స్‌విల్ రోగి తరఫున 'ఇది వద్దు' అని అడిగే మనిషి ఆసుపత్రి లోపల లేరు. బయట ఉన్న కుటుంబానికి ఇంత దూరం వచ్చి నిలదీసే స్తోమత లేదు.

'మేరీల్యాండ్ సిగ్గుపడాలి'

ఈ సంగతులు నల్లజాతి సమాజానికి తెలియనివి కావు. 'బాల్టిమోర్ ఆఫ్రో-అమెరికన్' పత్రిక ఈ ఆసుపత్రి గురించి రాస్తూనే ఉంది. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నల్ల డాక్టర్లనూ నర్సులనూ తీసుకోవాలని ఒత్తిడి తెచ్చింది. తెల్ల పాఠకుల దాకా విషయం వెళ్ళింది మాత్రం 1949 జనవరిలో. 'బాల్టిమోర్ సన్' పత్రికలో హోవర్డ్ నార్టన్ 'మేరీల్యాండ్స్ షేమ్' పేరుతో వరుస కథనాలు రాశారు. రాబర్ట్ నీష్ తీసిన ఫొటోలు వాటికి బలమిచ్చాయి. రాష్ట్రంలోని మానసిక ఆసుపత్రులన్నిటి దుస్థితినీ ఆ కథనాలు బయటపెట్టాయి. తెల్లవారి ఆసుపత్రులూ అందులో ఉన్నాయి. అన్నిటిలో అధ్వానంగా కనిపించింది క్రౌన్స్‌విల్. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం మానసిక ఆరోగ్యానికి ప్రత్యేక శాఖ ఏర్పాటు చేసింది. అయినా వార్డుల్లో రద్దీ తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. 1955 నాటికి రోగుల సంఖ్య 2,700 దాటింది. ఆసుపత్రి సామర్థ్యం కన్నా అది దాదాపు 800 ఎక్కువ.

ఎల్సీ కథ

ఆ 1955లోనే క్రౌన్స్‌విల్‌లో ఎల్సీ లాక్స్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి చనిపోయింది. ఆమె తల్లి హెన్రియెట్టా లాక్స్ పేరు జీవశాస్త్రం చదివిన వారికి తెలిసే ఉంటుంది. 1951లో క్యాన్సర్‌తో చనిపోయిన హెన్రియెట్టా శరీరం నుంచి, బతికుండగా ఆమెకు చెప్పకుండా తీసిన కణాలే 'హీలా' పేరుతో ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. పోలియో టీకా పరీక్షలకు వాడింది ఆ కణాలనే.

ఎల్సీ 1939లో పుట్టింది. మూర్ఛలు వచ్చేవి, మాటలు రాలేదు. ఇంట్లో చూసుకోవడం కష్టమై 1950 ప్రాంతంలో క్రౌన్స్‌విల్‌లో చేర్పించారు. బతికున్నంత కాలం హెన్రియెట్టా కూతుర్ని చూడటానికి వెళ్ళేది. ఆమె పోయాక ఎల్సీ దగ్గరికి వెళ్ళేవారే లేరు. దశాబ్దాల తర్వాత చెల్లెలు డెబొరా, రచయిత్రి రెబెకా స్క్లూట్‌తో కలిసి అక్క ఆచూకీ కోసం ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ పాత కాగితాల్లో ఎల్సీ శవపరీక్ష నివేదిక దొరికింది. దానికి అతికించిన ఫొటోలో ఆ పిల్ల ముఖం కమిలి, వాచి ఉంది. కెమెరా వైపు ముఖం కనబడేలా ఎవరివో తెల్లటి చేతులు ఆమె తలను పట్టుకుని ఉన్నాయి.

ఆ రోజుల్లో క్రౌన్స్‌విల్‌లో వంద మంది మూర్ఛ రోగుల మీద ఒక పరిశోధన జరిగింది. అందులో వాడిన పద్ధతి పేరు న్యూమోఎన్‌సెఫలోగ్రఫీ. మెదడు చుట్టూ ఉండే ద్రవం దెబ్బల నుంచి మెదడును కాపాడుతుంది. కానీ అది ఉన్నంతసేపూ ఎక్స్‌రేలో మెదడు మసకగా కనిపిస్తుంది. అందుకని ఆ ద్రవాన్ని తోడేసి, దాని స్థానంలో గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ద్రవం మళ్ళీ ఊరడానికి రెండు మూడు నెలలు పట్టేది. అంతదాకా భరించలేని తలనొప్పి, వాంతులు, తల తిరగడం, మూర్ఛలు. ఎల్సీ కూడా ఈ పరిశోధనకు గురై ఉంటుందని 2010లో వచ్చిన పుస్తకంలో స్క్లూట్ రాశారు. రోగుల నుంచి గానీ వాళ్ళ తల్లిదండ్రుల నుంచి గానీ అనుమతి తీసుకున్నట్టు ఆధారాలేవీ ఆమెకు దొరకలేదు. తల్లి కణాలూ, బహుశా కూతురి మెదడూ ఎవరినీ అడగకుండానే శాస్త్రానికి ముడిసరుకయ్యాయి.

సిబ్బంది మారాక...

1947లో సూపరింటెండెంట్‌గా వచ్చిన డాక్టర్ జేకబ్ మోర్గన్‌స్టెర్న్ హయాంలో మొదటి మార్పు జరిగింది. 1948లో వెర్నన్ స్పార్క్స్ అనే నల్లజాతి ఉద్యోగిని మనస్తత్వశాస్త్ర విభాగంలో చేర్చుకున్నారు. ఆసుపత్రి తెరిచిన 37 ఏళ్ళకు! తర్వాత గ్వెండొలిన్ లీ సామాజిక కార్యకర్తల విభాగంలో చేరారు. రోగులను నేరుగా చూసుకునే పనుల్లోకి కూడా నల్లవారిని తీసుకోవాలని మోర్గన్‌స్టెర్న్ ప్రయత్నిస్తే పైఅధికారులు ఒప్పుకోలేదు. తెల్ల ఉద్యోగులతో గొడవలొస్తాయన్నది వాళ్ళు చెప్పిన కారణం. 1952లో గానీ అన్ని విభాగాల తలుపులూ తెరుచుకోలేదు. ఒకసారి తెరుచుకున్నాక మార్పు వేగంగా వచ్చింది. 1959 నాటికి సిబ్బందిలో 45 శాతం నల్లవారే. అదే సమయంలో రాష్ట్రంలోని ఇతర పెద్ద మానసిక ఆసుపత్రుల్లో వారి వాటా 6 నుంచి 8 శాతమే.

వీరిలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. తల్లి తర్వాత కూతురు, అన్న తర్వాత తమ్ముడు ఇలా కుటుంబాలకు కుటుంబాలే ఇక్కడ పనిచేశాయి. వార్డులో పడి ఉన్న మనిషి తమ వీధిలోని ఎవరికో అన్న, ఎవరికో పిన్ని అని వాళ్ళకు తెలుసు. 1954లో సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో బడుల్లో వర్ణవివక్షను కొట్టేసింది. దాంతో ఆసుపత్రుల్లో కూడా విడదీత ఎంతో కాలం నిలవదని స్పష్టమైంది. 1963లో క్రౌన్స్‌విల్‌లోకి తెల్ల రోగులు వచ్చారు. ఇక్కడి నల్ల రోగులు మిగతా ఆసుపత్రులకు వెళ్ళారు. ఒంటి రంగును పక్కనపెట్టి, రోగి ఉండే ప్రాంతాన్ని బట్టి ఆసుపత్రి కేటాయించడం మొదలైంది. 1964లో డాక్టర్ జార్జ్ మెకెంజీ ఫిలిప్స్ తొలి నల్లజాతి సూపరింటెండెంట్ అయ్యారు. పగలు వచ్చి చికిత్స తీసుకుని సాయంత్రం ఇంటికి వెళ్ళే ఏర్పాట్లు, సిబ్బందికి శిక్షణ కార్యక్రమాలు ఆయన కాలంలో ఊపందుకున్నాయి.

దేశవ్యాప్తంగా కూడా గాలి మారింది. క్లోర్‌ప్రోమజైన్ మందు 1954లో అమెరికాలో వాడుకలోకి వచ్చాక, ఏళ్ళ తరబడి వార్డుల్లో ఉన్నవారు బయటికి వెళ్ళగలిగారు. పెద్ద ఆసుపత్రుల బదులు ఊళ్ళలో మానసిక ఆరోగ్య కేంద్రాలు పెట్టాలని 1963లో కెనెడీ ప్రభుత్వం చట్టం చేసింది. వర్ణవివక్ష పాటించే సంస్థలకు కేంద్ర నిధులు ఇవ్వకూడదని 1964 పౌరహక్కుల చట్టం చెప్పింది. డబ్బు ఆగిపోతుందనేసరికి దక్షిణాది ఆసుపత్రులు దారికొచ్చాయి. అలబామా మాత్రం 1969లో కోర్టు తీర్పు ఇచ్చేదాకా మొండికేసింది.

గోల్డ్స్‌బరో, మౌంట్ వెర్నన్: మరో రెండు ఉదంతాలు

నార్త్ కరోలినాకు చెందిన జూనియస్ విల్సన్‌కు వినపడదు. రాలీలోని నల్లజాతి బధిరుల బడిలో నేర్చుకున్న సైగలే అతని భాష. ఆ సైగలు ఆ బడి బయట ఎవరికీ అర్థమయ్యేవి కావు. 1925లో అతని మీద అత్యాచారయత్నం ఆరోపణ వచ్చింది. విచారణ లేకుండానే గోల్డ్స్‌బరో ఆసుపత్రికి పంపారు. అక్కడ వృషణాలు తొలగించారు. 1970లో ఆరోపణలను ఉపసంహరించుకున్నా అతణ్ణి వదల్లేదు. 1990లలో న్యాయవాదులు పోరాడాక, ఆసుపత్రి ఆవరణలోనే ఒక చిన్న ఇల్లు ఇచ్చారు. 2001లో అక్కడే చనిపోయాడు. అతనికి మానసిక జబ్బే లేదు.

అలబామాలోని మౌంట్ వెర్నన్‌లో 1906లో నల్లజాతి రోగులకు వరసగా చర్మం పగిలి, విరేచనాలు పట్టుకుని, చాలామంది చనిపోయారు. జార్జ్ సియర్సీ అనే వైద్యుడు అది పెల్లగ్రా అని గుర్తించి 88 కేసులు నమోదు చేశారు. రోగులకు పెట్టేది దాదాపు మొక్కజొన్న తిండే. వేరే తిండి తిన్న నర్సులకు ఆ జబ్బు రాలేదు. నియాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే ఈ జబ్బు తర్వాతి కాలంలో దక్కన్‌లో జొన్న తినే పేదల్లోనూ కనిపించింది. దాని మీద డాక్టర్ సి. గోపాలన్ బృందం హైదరాబాద్‌లో చేసిన పరిశోధనలు ప్రసిద్ధం. మౌంట్ వెర్నన్‌లో పిచ్చి ముదిరి చనిపోయారనుకున్న వాళ్ళలో కొందరిని చంపింది ఆసుపత్రి తిండే.

గోడలు పోయినా పోని ముద్ర

అందరికీ ఒకే వార్డు వచ్చినంత మాత్రాన అందరికీ ఒకే న్యాయం దక్కలేదు. మిషిగన్ రాష్ట్రంలోని అయోనియా ఆసుపత్రి రికార్డులను మానసిక వైద్యుడు జొనాథన్ మెట్జల్ పరిశీలించారు. స్కిజోఫ్రేనియా అనే పేరు మొదట్లో ఎక్కువగా తెల్ల గృహిణులకు తగిలించేవారనీ, 1960ల తర్వాత అది డెట్రాయిట్ నల్లజాతి మగవాళ్ళ జబ్బుగా మారిపోయిందనీ ఆయన చూపించారు. పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా ఉన్న కాలమది. 1968లో వచ్చిన వైద్య నిర్వచనాల్లో కోపం, శత్రుభావం లక్షణాలుగా చేరాయి. 1970లలో ఒక మందు ప్రకటనలో రోగిగా చూపింది పిడికిలి బిగించిన నల్లవాణ్ణి. కార్ట్‌రైట్ కాలంలో పారిపోవడం జబ్బయింది. ఈ కాలంలో ఎదురుతిరగడం జబ్బయింది. అవే లక్షణాలున్నా తెల్లవారి కన్నా నల్లవారికి స్కిజోఫ్రేనియా అని రాయడం ఎక్కువని ఆ తర్వాతి అధ్యయనాలు కూడా చెబుతున్నాయి. 2021 జనవరిలో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వర్ణవివక్షలో తన పాత్రకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

నంబర్ల నుంచి పేర్ల దాకా

రోగుల సంఖ్య తగ్గుతూ తగ్గుతూ వచ్చి, 2004లో క్రౌన్స్‌విల్ మూతపడింది. మిగిలినవారిని స్ప్రింగ్ గ్రోవ్, స్ప్రింగ్‌ఫీల్డ్ ఆసుపత్రులకు తరలించారు. తొలి పన్నెండు మంది బయలుదేరిన స్ప్రింగ్ గ్రోవ్ ఇంకా నడుస్తూనే ఉంది. 1950ల దాకా ఉన్న రికార్డుల్లో ఎక్కువ భాగం ఆస్బెస్టాస్ ధూళి పట్టిందని ఎప్పుడో ధ్వంసం చేశారు. మిగిలినవాటిలో కొన్నయినా దక్కాయంటే పాల్ లర్జ్ లాంటి ఉద్యోగులు దాచిపెట్టడం వల్లే.

ఆవరణలో ఒక శ్మశానం ఉంది. ఇక్కడ చనిపోయి, తీసుకెళ్ళే దిక్కులేని వారిని అందులో పాతిపెట్టారు. చాలా సమాధుల మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది. కొందరి భౌతికకాయాలు వైద్య కళాశాలలకు వెళ్ళాయి. స్థానిక చరిత్రకారిణి జానిస్ హేస్-విలియమ్స్ కొందరు వాలంటీర్లను కూడగట్టి, రాష్ట్ర పురావస్తు భాండాగారంలోని మరణ ధ్రువీకరణ పత్రాలను ఒక్కొక్కటిగా తిరగేశారు. 1,700 మందికి పైగా పేర్లు దొరికాయి. ఏటా ఆ శ్మశానంలో జనం చేరి ఆ పేర్లను పైకి చదువుతారు. 2024లో పాత్రికేయురాలు ఆంటోనియా హిల్టన్ ఈ ఆసుపత్రి చరిత్రను పుస్తకంగా తెచ్చారు. దానికి ఆధారం దక్కిన రికార్డులు, మాజీ ఉద్యోగులు, రోగుల కుటుంబాలు చెప్పిన విషయాలు.

2022లో రాష్ట్ర ప్రభుత్వం 500 ఎకరాలకు పైగా ఉన్న ఆవరణను ఆన్ అరండెల్ కౌంటీకి అప్పగించింది. కౌంటీ దాన్ని క్రౌన్స్‌విల్ హాస్పిటల్ మెమోరియల్ పార్కుగా తీర్చిదిద్దుతోంది. జబ్బు మనిషి రంగు చూసి రాదు. ఎంత మందికి ఒక డాక్టరు, ఏ పరుపు, ఏ తిండి, ఏ సమాధి అన్నది మాత్రం క్రౌన్స్‌విల్‌లో యాభై ఏళ్ళు రంగు చూసే నిర్ణయించారు. ఆ నిర్ణయాలు తీసుకున్నది ఏ ఒక్క దుర్మార్గుడో కాదు. చట్టసభ, వైద్యశాఖ, నిపుణుల సంఘాలు నిబంధనల ప్రకారమే తీసుకున్నాయి. అందుకే దీన్ని ఒక ఆసుపత్రి వైఫల్యంగా సరిపెట్టడం కుదరదు. ఇది ఒక రాష్ట్రం చేసిన నేరం.